రేకు లేకుండా బిగించిన గొట్టం

సైలెన్సరు పని నేర్చుకుంటామని మా షెడ్డుకు వచ్చినవాళ్లందరూ మొదట అడిగేది చప్పుడు గురించే. బండి గంభీరంగా మోగాలంటే ఎట్లా, పక్కవీధికి వినపడాలంటే ఎట్లా అని. పొగ ఎక్కడికి పోతుంది, వేడి ఎక్కడికి పోతుంది అని అడిగినవాళ్లు ఇన్నేళ్లలో ఇద్దరో ముగ్గురో. చేయి బాగా తిరిగాక నేనూ ఆ ప్రశ్న అడగడం మానేశాను. దానివల్ల వన్నూరప్ప అనే రైతు జత ఎద్దులు పోయాయి. ఆయన పోగొట్టుకున్నది అదొక్కటే కాదు. ఆ సంగతి చెప్పడానికే ఇది రాస్తున్నాను. ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్లు చదివితే చాలు. నేను షెడ్డు మూసేశాను కాబట్టి, దీన్ని దాచుకుంటే నాకు కలిసొచ్చేదేమీ లేదు.

నాయన నేర్పిన పని

నేను బడికి పోలేదు. అమ్మ భజన పుస్తకం ముందర పెట్టుకొని ఇంట్లోనే అక్షరాలు నేర్పింది. లెక్కలు నాయన నేర్పాడు, గొట్టాల చుట్టుకొలతలతో. అనంతపురం ఊరి చివర మా ఇల్లు. ముందర షెడ్డు, వెనక వంట, మధ్యలో తలుపుకు బదులు గోనెపట్టా వేలాడేది. అందుకని పనిలో ఎప్పుడు చేరానో చెప్పలేను. గ్యాసు మంట సరిగ్గా ఉందా లేదా అన్నది పొయ్యి దగ్గర కూర్చొని చప్పుడును బట్టే తెలుసుకునేదాన్ని. ఇద్దరూ ఓపికగా నేర్పారు. పొద్దున దీపం పెట్టేటప్పుడు ఈనాటికీ వాళ్లిద్దరికీ దండం పెట్టుకుంటాను.

బండ్లు తెచ్చినవాళ్లు నన్ను చూసి, "నాయన లేడా పాపా?" అనేవాళ్లు.

"ఉండాడు. బండి చూపియ్యండి."

"నువ్వు చూసేదేముండాదిలే. ఆయప్పను పిలువు."

నాయన లోపలినుంచే అనేవాడు: "ఆయమ్మి చూస్తాదిలేప్పా. నాకు కండ్లు సరిగా కనపడవు." ఆయన కళ్లు చివరిదాకా బాగానే ఉన్నాయి. సూదిలో దారం ఎక్కించేవాడు.

నాయన పెట్టిన నియమాలు ఎక్కువ లేవు. గొట్టం బిగించాక బండి కిందికి దూరి, వెల్లకిలా పడుకొని చూడాలి. "పైన ఇంజను కాదు, కింద నేల చూడల్ల. ఆ బండి యా నేల మింద పోతాదో తెలుసుకోని బిగియ్యల్ల" అనేవాడు.

మా నేల సంగతి తెలియనివాళ్ల కోసం చెబుతాను. ఇక్కడ రైతులు కోసిన ఉలవ తీగను, కొర్ర కంకులను తారురోడ్డు మీదనే పరుస్తారు. బస్సులు, లారీలు తొక్కుకుంటూ పోతే గింజ రాలుతుంది. కళ్లం చేసుకోవడానికి నీళ్లు చల్లాలి, పేడ అలకాలి. నీళ్లే లేని ఏడాది రోడ్డే కళ్లం. ఎత్తయిన బండ్లకు ఏమీ కాదు. పొట్టి కార్లకు మాత్రం ఎండిన తీగ కిందికి దూరి, తిరిగే ఇరుసుకు చుట్టుకొని, కాలుతున్న గొట్టానికి ఒత్తుకుంటుంది. అందుకని నాయన ప్రతి కారుకూ గొట్టం కింద రెండు వేళ్ల ఎడంతో ఒక రేకు బిగించేవాడు. పాత నూనె డ్రమ్ము కోసి, దోనెలాగా వంచిన రేకు. వేరే ఊళ్ల మెకానిక్కులు దాన్ని చూసి నవ్వేవాళ్లు. అది గలగలమనేది. "చప్పుడైతాదన్నా" అని బండివాళ్లు విసుక్కుంటే, "కానీలేప్పా. కాలేదానికన్నా మోగేది మేలు" అనేవాడు.

డాక్టరు సారు కారు

నాయనకు వెల్డింగు పొగ పీల్చి పీల్చి ఊపిరితిత్తులు చెడిపోయాయి. రెండేళ్లు మంచంలో ఉన్నాడు. ఆ రెండేళ్లూ ఒక డాక్టరు సారు మా ఇంటికి వచ్చి చూశాడు. పిలవని రోజు కూడా వచ్చాడు. నాయన పోయిన పొద్దు ఆయన మా గడపలో కూర్చొని, చేతిలో పని ఏమీ లేకుండా, ఒక పూటంతా ఉన్నాడు. అట్లాంటి మనిషిని భగవంతుడే పంపాడని అనుకున్నాను. ఇప్పటికీ అట్లాగే అనుకుంటాను.

రెండువేల సంవత్సరం దాటాక, వరసగా వానలు లేని ఆ ఏళ్లలో ఒకరోజు సారు ఒక కారు తీసుకొచ్చాడు. ఇంగ్లండులో అరవైలలో తయారైంది. రెండే సీట్లు, పైన గుడ్డ కప్పు, నేరేడుపండు రంగు. నేలకు జానెడు ఎత్తు. బెంగుళూరులో పాత కార్లవాళ్లందరూ కలిసి ఒక కొండ ఎక్కుతారట. ఈ కారుతో తానూ ఎక్కాలని ఆయన కోరిక.

"అమ్మా, దీనికి ఊపిరాడటం లేదు. మీ నాయనలాగే," అన్నాడు.

ఆ మాటతో నాకు ఇంకేమీ చెప్పనక్కర లేకపోయింది.

నెలన్నర పట్టింది. ఆ ఇంజనుకు ముందున్న పోత ఇనుప తొట్టిలో నాలుగు సిలిండర్ల పొగా ఒకే ఇరుకు మూతి దగ్గర కలిసి ఒకదాన్నొకటి తోసుకునేది. దాన్ని తీసేసి నాలుగు విడి గొట్టాలు వంచాను. నాలుగూ ఒకే పొడుగు ఉండాలి, ఒక్కటీ ఇంకోదాన్ని తగలకూడదు. గొట్టం వంచేటప్పుడు నొక్కుకుపోకుండా లోపల ఇసుక నింపుతాం. పెన్న ఇసుకను జల్లించి, పెనం మీద వేయించి, తడి పూర్తిగా పోయాకే నింపాలి. తడి మిగిలితే వేడికి ఆవిరయ్యి గొట్టం పేలుతుంది. ఆ నాలుగింటినీ పాతదానికన్నా వెడల్పున్న ఒక గొట్టంలో కలిపి, పొగ నేరుగా పోయే సైలెన్సరు కట్టాను. నా చేతులతో చేసినవాటిలో అంత అందంగా కుదిరింది మరొకటి లేదు. ఈ మాట గర్వంగానే రాస్తున్నాను. ఆ గర్వం ఏం చేసిందో ముందు ముందు తెలుస్తుంది.

గాలి లోపలికి పోయే వైపు గురించి సారుకు, నాకు కొంచెం వాదన జరిగింది. ఆయన ఏదో పుస్తకంలో చూసి, రెండు కార్బురేటర్లకూ ఫిల్టర్లు తీసేసి సన్నాయి మూతులలాంటివి పెట్టమన్నాడు. ఇంజను బాగా గాలి పీలుస్తుందట. నేను మూతికి తెల్లగుడ్డ కట్టి, ఆయన్నే ఊరి బయటిదాకా నడిపి రమ్మన్నాను. తిరిగొచ్చేసరికి గుడ్డ గోనెసంచి రంగులో ఉంది.

"ఇదంతా లోపలికి పోతాది సార్. ఇంగ్లండులో దుమ్ము ఉండదేమో, మనకు అదొక్కటే పుష్కలం."

ఆయన నవ్వి ఒప్పుకున్నాడు. నూనెలో తడిపిన స్పాంజి ఫిల్టర్లు పెట్టాను. లోపలికి పోయేదాని విషయంలో అంత గట్టిగా నిలబడినదాన్ని, కింద వేలాడేదాని విషయంలో నిలబడలేదు.

రేకు మొదట బిగించాను. మరుసటి రోజే సారు కారు వెనక్కి తెచ్చాడు.

"అమ్మా, ఇంత చక్కటి పాట మధ్యలో ఎవరో డబ్బా వాయిస్తున్నట్టుంది."

"రేకు సార్ అది. ఈడ ఉండల్ల."

"స్పీడు బ్రేకరు దగ్గర నేలకు గీసుకుంటోంది కూడా. నేను పోయేది హైవే మీదే కదా. బెంగుళూరు దారిలో ఉలవలు ఎవరు ఆరేస్తారమ్మా?"

గొట్టం వెడల్పు చేయడంతో రేకు కిందికి దిగింది, గీసుకుంటున్న మాట నిజమే. ఇంకోలా వంచి, పైకి ఎక్కించి బిగించవచ్చు. ఇంకో నాలుగు రోజుల పని. వేరే ఎవరైనా అయితే ఆ నాలుగు రోజులూ అడిగేదాన్ని. ఆయన ముఖం చూసి తీసేశాను. మేలు చేసిన మనిషికి కాదని చెప్పడం నాకు రాలేదు. మీరు ఈ పనిలో ఉంటే అటువంటి మనుషులు మీకూ తగులుతారు. వాళ్ల బండి విషయంలో రెండింతలు మొండిగా ఉండండి. వాళ్ల మీద మీకున్న కృతజ్ఞత వాళ్ల బండికి ఏ పనికీ రాదు.

ఉరవకొండ దారి

గాలి ఎక్కువ పోయి, పొగ సులువుగా బయటికి వస్తే, పెట్రోలు కూడా దానికి తగ్గట్టు పెరగాలి. లేకుంటే ఇంజను మామూలు కన్నా ఎక్కువ కాగి గొట్టాలు ఎర్రబడతాయి. కార్బురేటరులో సూదులుంటాయి, సూది ఎంత సన్నమైతే పెట్రోలు అంత ఎక్కువ పడుతుంది, వాటిని మార్చి మార్చి చూడాలి. దానికి పొడుగాటి తిన్నని దారి కావాలి. ఉరవకొండ దారి అయితే తిన్నగా ఉంటుందని నేనే చెప్పాను. ఆ దారిన ఏ నెలలో ఏం పరుస్తారో పుట్టినప్పటినుంచి చూస్తున్నదాన్ని, నేనే చెప్పాను.

సంక్రాంతి ముందు రోజులు. పొద్దున పదిన్నర. సారు నడుపుతున్నాడు, పక్కన నేను చెవి పెట్టి వింటున్నాను. ఆ పొద్దు వేసిన సూది సన్నం చాలలేదు, పెట్రోలు తక్కువ పడుతోంది. అది నాకు చప్పుడులో తెలుస్తూనే ఉంది. తిరిగి పోయాక మారుద్దామనుకున్నాను.

ఒక పల్లె దాటాక రోడ్డు మీద ఉలవ తీగ పరిచి ఉంది. మోకాలెత్తున. పక్కనే ఇంకా పరచని కుప్ప, మనిషెత్తున. ఆ ఏడు శనక్కాయ పూర్తిగా పోయింది. చివరన రెండు చినుకులు పడితే చల్లుకున్న ఉలవే ఊరంతటికీ మిగిలిన పంట. గింజ మనుషులకు, పొట్టు ఎద్దులకు. ఒక పెద్దాయన తలపాగా ఊపుతూ, పోండి పోండి అని మమ్మల్ని పిలుస్తున్నాడు. బండి వస్తే వాళ్లకు సంతోషం. ఆయనే వన్నూరప్ప. ఆయన భార్య మారెక్క కుప్ప దగ్గర మోపు విప్పుతోంది.

సారు మెల్లగా తీగ మీదికి ఎక్కించి, మధ్యలో ఆపాడు.

"ఇదేం బండి సామీ, కప్ప మాదిరి ఉండాది?" అన్నాడు వన్నూరప్ప.

"కప్పే పెద్దాయనా. దూకుతుంది కూడా," అన్నాడు సారు.

"దూకితే మాకేం లాభం సామీ. తొక్కితే కదా గింజలు రాలేది. ఇంకోసారి అటూ ఇటూ పోండి, మీ పుణ్యముంటాది."

మారెక్క అటునుంచి అరిచింది: "ఆయప్ప బరువు చూడు, బండి బరువు చూడు. ఇద్దరూ కలిసినా మన పెయ్యంత లేరు. లారీ రానీలే."

అందరం నవ్వాం. ఇంజను నడుస్తూనే ఉంది. నేను దాని చప్పుడు వింటున్నాను. రేకు లేదన్న సంగతి నాకు ఆ క్షణంలో గుర్తొచ్చింది. మరిచిపోయానని రాస్తే అబద్ధమవుతుంది. గుర్తొచ్చింది, 'ముందుకు పోనీండి సార్' అనే మాట నాలిక మీదికి కూడా వచ్చింది. కానీ అప్పుడే ఇంజనులో నాలుగు సిలిండర్లూ ఒక్క గొంతుతో పలికాయి. ఇంకొక్క నిమిషం వినాలనిపించింది.

వాసన వచ్చేసరికి కింద మంట ఉంది. సారు కారు ముందుకు ఉరికించాడు, దానితో పాటు మండుతున్న తీగ కూడా ఈడ్చుకొచ్చింది. మేమిద్దరం దూకేశాం. పుష్యమాసపు ఎండుగాలి. పరిచిన తీగ నుంచి కుప్పకు మంట పోవడానికి మనిషి పరిగెత్తేంత సేపు కూడా పట్టలేదు. బోరింగు ఎండి చాన్నాళ్లయింది. ఊరివాళ్లు వేప కొమ్మలు విరిచి కొట్టారు, చాటలతో మన్ను పోశారు. వన్నూరప్ప మండే కుప్పలోకి చేతులు పెట్టి మోపులు లాగబోతే మారెక్క వెనకనుంచి నడుం పట్టుకొని వేలాడింది.

కుప్పంతా పోయింది. కారు సగం పోయింది. నేను వంచిన నాలుగు గొట్టాలు మాత్రం చెక్కుచెదరలేదు.

సాయంత్రం కానిస్టేబులు వచ్చి వన్నూరప్పనే అడిగాడు: "రోడ్డేమన్నా మీ తాత కళ్లమా? ఆ కారు ఎంత చేస్తాదో తెలుసునా? ఇంగ ఈ ఊర్లో ఎవడన్నా రోడ్డు మీద ఒక్క మోపు పరిస్తే స్టేషనుకే."

ఊరివాళ్లు వన్నూరప్ప వైపు చూశారు. ఆ చూపులో ఉన్నది జాలి ఒక్కటే కాదు.

సారు ఇంట్లో

నాలుగో రోజు నేను సారు ఇంట్లో ఉన్నాను, కారులో ఏం మిగిలిందో చూద్దామని. వన్నూరప్ప, మారెక్క గేటు తెరుచుకొని వచ్చారు. ఆయన రెండు చేతులకూ పసుపు పూసిన గుడ్డలు. ఆమె చేతిలో టెంకాయ, నిమ్మకాయ. వచ్చీ రాగానే ఆయన సారు కాళ్ల మీద పడ్డాడు.

"తప్పయిపాయ సామీ. నా తీగ వల్ల మీ బండి కాలిపాయ. పరచగూడదని తెలుసు, ఏం చేద్దుము, వానల్లేవు. పెద్దమనసు చేసుకోండి."

సారు ఆయన్ని లేపాడు. కళ్లు తడిచేసుకున్నాడు కూడా. "వదిలెయ్ పెద్దాయనా. జరిగిందేదో జరిగింది. నేను కేసేమీ పెట్టను."

"మీ కడుపు చల్లగుండ" అంది మారెక్క. టెంకాయ గట్టు మీద పెట్టింది.

నేను స్తంభం పక్కన నిలబడి ఉన్నాను. సారుకు రేకు సంగతి తట్టలేదు. ఆయన దృష్టిలో అది చప్పుడు చేసే డబ్బా, అంతే. తెలిసినది నాకొక్కదానికే. నోరు తెరిస్తే, నాయన మంచం పక్కన కూర్చున్న మనిషిని ఒక పేదవాడి ముందర దోషిగా నిలబెట్టినట్టవుతుంది అనుకున్నాను. ఆయన్ను కాపాడుతున్నానని అనుకున్నాను. నా పేరు చెడుతుందన్న భయం అందులో ఎంత ఉందో, ఎంత కాదో ఇప్పటికీ తేల్చలేను.

ఆ తర్వాత మూడు వారాలు ప్రార్థన చేశాను. పొద్దున, సాయంత్రం. ఏం చేయాలో చూపించు తండ్రీ అని. ఏం చేయాలో నాకు మొదటి రోజునుంచే తెలుసు. తెలిసిన సంగతిని దేవుణ్ణి అడుగుతూ కూర్చోవడం భక్తి కాదు, వాయిదా. తప్పు చేయని మెకానిక్కు ఉండడు. తప్పు తెలిశాక దాన్ని ఎన్నాళ్లు పొట్టలో పెట్టుకున్నామన్నదానికే మనం జవాబు చెప్పుకోవాలి. గొట్టం బిగించడం నేను నాయన దగ్గర నేర్చుకున్నాను. ఇది నేర్పేవాళ్లు ఎవరూ ఉండరు. ఆ తర్వాత ఎన్నో ఏళ్లు పని చేశాను, రేకు లేకుండా ఒక్క కారూ బయటికి పంపలేదు. దానివల్ల వన్నూరప్పకు ఒరిగిందేమీ లేదు.

మూడు వారాలయ్యాక సారుకు చెప్పాను. రేకు దేనికి, ఎందుకు తీశాను, ఆ పొద్దు నాకు గుర్తొచ్చి కూడా ఎందుకు అనలేదు, అంతా.

ఆయన మెల్లగా అడిగాడు: "ఆయన నా కాళ్ల మీద పడితే నేను క్షమించాను కదమ్మా?"

"అవును సార్."

"నా చేత ఆ పని ఎందుకు చేయించావు?"

ఆయన మళ్లీ మా షెడ్డుకు రాలేదు. ఆ కారును ఎవరికో ఇచ్చేశాడని విన్నాను.

మేత

నేను చెప్పిన మరుసటి రోజే కాలువ కింద పల్లెల్లో తెలిసినవాళ్లకు చెప్పి, సారు ఒక ట్రాక్టరు వరిగడ్డి పంపాడు. ఎద్దులు వానలదాకా తినేంత. నేనూ ఆ ట్రాక్టరులోనే పోయాను, చెప్పాల్సింది నా నోటితో చెప్పాలని.

ఆ ఊరి దగ్గర రోడ్డు మీద ఏమీ పరచలేదు. పక్కనున్న గులకనేల మీద ఆడవాళ్లు కట్టెలతో ఉలవ బాదుతున్నారు. గింజతో పాటు రాళ్లు కలుస్తాయి, అవి మళ్లీ ఏరుకోవాలి. వన్నూరప్ప ఇల్లు అడిగితే ఒకామె తల ఎత్తకుండా, "మాకు ఈ పని పెట్టినాయప్పనా? ఆ చివర" అంది.

ఆయన అరుగు మీద కూర్చొని ఉన్నాడు. చేతుల మీద కొత్త చర్మం గులాబీరంగులో ఉంది. ట్రాక్టరు చూసి లేచాడు.

"ఎవరిది తల్లీ మేత?"

"డాక్టరు సారు పంపినాడు. మీ ఎద్దులకు."

ఆయన ట్రాక్టరు వైపు చూశాడు, నా వైపు చూశాడు. "ఎద్దులు యాడుండాయి తల్లీ? మొన్న సంతలో ఇచ్చేస్తి. పెట్టను పిడికెడు పొట్టు లేదు. కొననీకి సేద్యగాళ్లెవరూ రాలేదు, లారీవాళ్లే వచ్చినారు. యాడికి పోతాయని నేను అడగలే."

మారెక్క లోపల సంచులు సర్దుతోంది. బెంగుళూరులో మిద్దెలు కట్టే పనికి పోతున్నారట, ఇద్దరూ.

నేను అరుగు కింద నేల మీద కూర్చొని చెప్పాను. రేకు సంగతి, వేడి గొట్టం సంగతి, నాకు గుర్తొచ్చిన సంగతి. తీగది తప్పు కాదు, పరిచిన మీది తప్పు కాదు అని చెప్పాను. మారెక్క సంచి వదిలేసి వాకిట్లోకి వచ్చి నిలబడింది. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు.

వన్నూరప్ప అంతా విని, అరచేతులు చూసుకుంటూ అడిగాడు:

"ఆ పొద్దు డాక్టరింట్లో నువ్వు ఉంటివి కదా తల్లీ?"

"ఉంటిని."

"నేను కాళ్లు పట్టుకున్నప్పుడు?"

"ఆడనే ఉంటిని."

ఆయన తువ్వాలు తలకు చుట్టుకొని, "ఊర్లో తక్కినోళ్ల ఎద్దులన్నా తింటాయి" అంటూ గడ్డి దించడానికి ట్రాక్టరు ఎక్కాడు.